మల్టిపుల్ స్క్లెరోసిస్: డెల్టాలో దాగిన జబ్బు

వైద్య విద్యార్థులు చదివే పాఠ్యగ్రంథాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే అధ్యాయం చాలా పెద్దది. ఆ గ్రంథాలు వ్రాసినవారు ఇంగ్లీషువారూ, అమెరికనులూ గనుక వాళ్ళ దేశాల్లో ఎక్కువగా కనిపించే యీ జబ్బుకి పెద్దపీట వేశారు. అందులోనే ఒక మూల చిన్న వాక్యం వుంటుంది: ఉష్ణదేశాల్లో యిది అరుదు అని. పరీక్షకి చదివే కుర్రవాడు ఆ వాక్యం కింద గీత గీసుకుని పేజీ తిప్పేస్తాడు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ "అరుదు" కాస్తా అతని మనసులో "లేదు" అయి కూర్చుంటుంది. లేదనుకున్న జబ్బు ఎదురుగా వచ్చి కుర్చీలో కూర్చున్నా కనిపించదు గదా!

యీ సంచిక చదివేవారిలో వైద్యం చదవనివారే ఎక్కువ. ఐనా యిది వారికోసమే వ్రాయవలసి వచ్చింది. ఎందుకంటే యీ జబ్బు పట్టుకునేది ముసలివారిని కాదు. యిరవై నుంచి నలభై ఏళ్ళ మధ్యవారిని, అందులోనూ మగవారికన్నా ఆడవారిని రెండు మూడు రెట్లు ఎక్కువగా పట్టుకుంటుంది. అంటే మన తరగతి గదుల్లో బెంచీలమీద కూర్చునే వయసు.

ముందు జబ్బేమిటో చూద్దాం. మెదడులోనూ వెన్నుపాములోనూ వున్న నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర తొడుగులా వుంటుంది. ఆ తొడుగు వున్నందువల్లనే కబురు ఒక చోటినుంచి మరొక చోటికి వేగంగా పోతుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే దారి తప్పి యీ తొడుగుని తినేయడం యీ వ్యాధి మూలం. డెల్టావాళ్ళకి కాలువతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. బ్యారేజీ దగ్గర నీళ్ళు నిండుగానే వుంటాయి, చివరి భూముల్లో పైరూ బాగానే వుంటుంది. మధ్యలో ఎక్కడో గట్టుకి గండి పడుతుంది. ఏ కాలువకి గండి పడిందో దాన్నిబట్టి ఏ వూరి చేలు ఎండాలో తేలుతుంది. అలాగే కంటి నరంలో పడితే చూపు, వెన్నుపాములో పడితే కాళ్ళూ మూత్రమూ, చిన్నమెదడు దారుల్లో పడితే నడకా మాటా దెబ్బతింటాయి. గండి పూడ్చిన చోట మట్టి గట్టిపడినట్టు అక్కడ మచ్చ కడుతుంది. 1868లో పారిస్ నగరంలో షార్కో అనే వైద్యుడు చనిపోయిన రోగుల మెదళ్ళలో యిలాంటి గట్టి మచ్చలు చూసి, బ్రతికివున్నప్పటి లక్షణాలతో వాటిని జతచేసి యీ జబ్బుకి ఒక రూపం యిచ్చాడు. "మల్టిపుల్" అంటే అనేకం, "స్క్లెరోసిస్" అంటే గట్టిపడడం. పేరులో వున్నది అంతే.

యిక లక్షణాలు. పుస్తకంలో వున్న పట్టికకన్నా ఒక మనిషిని వూహించుకోవడం మేలు. పామర్రు పక్క పల్లెలో యిరవై రెండేళ్ళ అమ్మాయి అనుకోండి. ఒకనాడు కుడికన్ను కదిపితే నొప్పి. రెండు రోజుల్లో ఆ కంటికి పొగమంచు పట్టినట్టు మసక. ఎడమకంటితో చూస్తే కుంకుమ ఎర్రగా, కుడికంటితో చూస్తే అదే కుంకుమ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కంటి డాక్టరు చుక్కలు యిస్తాడు, లేదా అద్దాలు మార్చమంటాడు. నాలుగైదు వారాల్లో చూపు చాలావరకు తిరిగి వస్తుంది. అందరూ మరచిపోతారు. ఏడాదిన్నర తరువాత అరికాళ్ళనుంచి తిమ్మిరి మొదలై నడుందాకా ఎక్కుతుంది. నడుస్తుంటే చెప్పు కాలినుంచి జారిపోతుంది, జారినట్టు కూడా తెలియదు. వెనకాలవాళ్ళు పిలిచి చెప్పాలి. మన దక్షిణాది డాక్టర్లు యీ చెప్పు ప్రశ్న తప్పక అడుగుతారు, అడగాలి కూడా. జారడం తెలుస్తూ జారితే కాలిలో బలం తగ్గిందని, తెలియకుండా జారితే స్పర్శ పోయిందని అర్థం. తెల్లదొరల పుస్తకాల్లో యిది దొరకదు, వాళ్ళు బూట్లు తొడుక్కుంటారు గనుక.

యింకా వుంటాయి. తల ముందుకి వంచితే వెన్నుగుండా కరెంటు షాకు కొట్టినట్టు ఝల్లుమంటుంది. దీన్ని లెర్మిట్ గుర్తు అంటారు. అన్నం కలిపి ముద్ద చేసి నోటిదాకా తెచ్చేలోపల చెయ్యి వణికి మెతుకులు రాలిపోతాయి. మొహం కడుక్కోవడానికి కళ్ళు మూసుకుంటే తూలి పడబోతారు. మూత్రం వచ్చిందంటే ఆపుకోలేరు, లేదా కూర్చున్నా రాదు. ఆడపిల్ల యీ సంగతి తల్లికి కూడా చెప్పదు. వీటన్నిటికన్నా ఎక్కువమందిని బాధించేదీ, ఎవరూ నమ్మనిదీ మరొకటి వున్నది: అలసట. పొద్దున్న లేచి చీపురు పట్టేసరికే ఒళ్ళు మూటకట్టి పడేసినట్టవుతుంది. దానికి యింట్లో దొరికే పేరు బద్ధకం.

ఆ అమ్మాయి కథలో మొదటిసారి కన్ను, రెండోసారి కాళ్ళు. ఆ రెండూ ఒకే జబ్బని ఎవరికి తోస్తుంది? వైద్యశాస్త్రం యీ జబ్బుని గుర్తించే సూత్రమే అది: దెబ్బ స్థలంలోనూ చెదిరి వుండాలి, కాలంలోనూ చెదిరి వుండాలి. ఒక్కో దెబ్బ కనీసం యిరవైనాలుగు గంటలు నిలవాలి. 2001లో ఏర్పడి ఆ తరువాత పలుమార్లు సవరించబడిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలన్నీ యీ సూత్రానికి భాష్యాలే. కాని మన వైద్యం అవయవాలవారీగా నడుస్తుంది. విజయవాడ సూర్యారావుపేటలో ఒక్క వీధి నడిస్తే కంటికి ఒక బోర్డు, ఎముకలకి ఒక బోర్డు, మూత్రనాళాలకి ఒక బోర్డు కనిపిస్తాయి. కన్ను మసకైతే ఒక మెట్టు, కాలు మొద్దుబారితే పక్క మెట్టు ఎక్కుతాం. ప్రతి డాక్టరూ తన ముక్క సరిగ్గానే చూస్తాడు. ముక్కలు కలిపి చూసేవాడే వుండడు. పాత చీటీలు దాచుకునే అలవాటు మనకి బొత్తిగా లేదాయె.

యిందులో యింకొక చిక్కు వుంది. రోగుల్లో నూటికి సుమారు 85 మందికి జబ్బు మొదట్లో యిలా వచ్చిపోతూ వుంటుంది. వచ్చిన దెబ్బ కొన్ని వారాల్లో దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకున్నప్పుడు చేతిలో ఏ మందు వుంటే పేరు దానికి పోతుంది. బీకాంప్లెక్సు సూదికి కావచ్చు, పసరుకి కావచ్చు, తాయెత్తుకి కావచ్చు. "ఫలానా వారి చేతిమాత్రతో కాళ్ళు వచ్చాయి" అని వూరంతా చెప్పుకుంటారు, అబద్ధమూ కాదు, కాళ్ళు నిజంగానే వచ్చాయి! ఐతే లోపల మచ్చ వుండిపోయింది. మూడోసారి, నాలుగోసారి వచ్చిన దెబ్బ పూర్తిగా తీరదు. కొన్నేళ్ళకి వచ్చిపోవడం మాని, నెమ్మదిగా దిగజారడం మొదలవుతుంది. అప్పటికి పెద్దాసుపత్రికి తీసుకువస్తే చేయగలిగినది తక్కువ. మొదటి అయిదేళ్ళూ యిలా చేజారిపోవడమే యీ జబ్బులో అసలు నష్టం.

అలా అని కాళ్ళు తిమ్మిరెక్కిన ప్రతివాడికీ యీ జబ్బు అంటగట్టకూడదు. మన ప్రాంతంలో కాళ్ళు చచ్చుబడడానికి దీనికన్నా మామూలు కారణాలు చాలా వున్నాయి. వెన్నెముకకి క్షయ పట్టవచ్చు. బి12 విటమిను తక్కువ కావచ్చు. డిస్కు జారవచ్చు. మెట్ట ప్రాంతాలనుంచి విజయవాడ వచ్చేవారిలో ఫ్లోరైడు సంగతి మరువరాదు: 1937లో షార్టు, అతని సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వున్న రోగులను చూసే మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ వున్నదని లోకానికి చెప్పారు. నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముక పెరిగి వెన్నుపాముని నొక్కేస్తుంది. కాలువ నీరు తాగే డెల్టా పల్లెలకి ఆ బెడద తక్కువ.

యీ వరుసలోదే యింకొకటి మన పెద్దలందరికీ తెలుసు, కాని దానికీ యీ జబ్బుకీ చుట్టరికం వున్నదని తెలియదు. కుక్క కరిస్తే బొడ్డుచుట్టూ వరసగా సూదులు పొడిచే రోజులు గుర్తున్నాయా? ఆ మందు గొర్రె మెదడుతో తయారయ్యేది. 1911లో కసౌలీలో సెంపుల్ అనే సైనిక వైద్యుడు రూపొందించిన పద్ధతి అది. రేబీస్‌నుంచి లెక్కలేనంతమందిని కాపాడింది. ఐతే గొర్రె మెదడులోని మైలిన్ మనిషి ఒంట్లోకి పోవడంతో కొందరిలో రోగనిరోధక కణాలు ఆ మైలిన్‌మీద తిరగబడి, ఆ వూపులో సొంత మైలిన్‌మీద కూడా పడేవి. సూదులు పూర్తయ్యేలోగానో, అయ్యాక కొద్దిరోజులకో కాళ్ళు పడిపోయి, మూత్రం బిగిసి ఆసుపత్రికి వచ్చేవారు. 1933లో అమెరికాలో రివర్సు అనే శాస్త్రజ్ఞుడు కోతులకి కుందేలు మెదడు పదేపదే ఎక్కించి యిదే మాదిరి జబ్బు తెప్పించి చూపాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొంత శరీరంమీద సొంత సైన్యం చేసే దాడి అన్న భావనకి పునాది అక్కడే పడింది. మన దేశంలో గొర్రె మెదడు మందు 2004తో ఆగిపోయింది. అంతకుముందు కాళ్ళు పడిపోయి వచ్చినవారిని చూసి అనుభవజ్ఞులైన డాక్టర్లు మొట్టమొదట "కుక్క కరిచిందా?" అని అడిగేవారంటే కారణం యిది.

యిప్పుడు లెక్కలకి వద్దాం. అమెరికాకి చెందిన కుర్జ్‌కే ప్రపంచాన్ని మూడుగా విడదీశాడు: లక్షమందికి 30 లేక అంతకన్నా ఎక్కువమంది రోగులుంటే ఎక్కువ ప్రాంతం, 5 నుంచి 29 వరకు మధ్యరకం, 5కన్నా తక్కువైతే తక్కువ ప్రాంతం. కెనడా, బ్రిటన్ వంటి చోట్ల యిప్పుడు లక్షకి వంద ఎప్పుడో దాటిపోయింది. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ సంఖ్య తగ్గుతుంది. మన దేశానికి పాతకాలంలో వేసిన అంచనాలు లక్షకి ఒకరు అటూ యిటూ. అవన్నీ ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కబెట్టి వేసినవి. రానివాడు లెక్కలోకి రాడు. వచ్చినా ఎమ్మారై లేని రోజుల్లో పోల్చుకోవడం కష్టం. ఎమ్మారైలో యీ మచ్చలు మొదటిసారి చూపించినదే 1981లో. గుంటూరు వైద్య కళాశాల 1946లోనూ, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల 1980లోనూ పుట్టాయి. అంటే వాటిలో చదివిన పాతతరాలన్నీ సుత్తీ, సూదీ, దూదీ పట్టుకుని యీ జబ్బుని వెతికినవే. ఆ చేతులకి దణ్ణం పెట్టాలి.

ఆసుపత్రిలో కూర్చోకుండా జనంలోకి వెళ్ళి లెక్కబెడితే కథ మారింది. బొంబాయి పార్సీలలో చేసిన గణన 1990లో వెలువడింది: లక్షకి 20కి పైగా. ఐతే వారు ప్రత్యేకమైన జాతి, తమలో తామే వివాహాలు చేసుకునేవారు అనుకోవచ్చు. మన దక్షిణాదిలోనే, మనలాగే సముద్రపుటొడ్డున వున్న మంగుళూరు పట్టణంలో చేసిన గణన 2014లో అచ్చయింది. అక్కడ లక్షకి ఎనిమిదికి పైగా తేలింది. అంటే "తక్కువ ప్రాంతం" కాదు, మధ్యరకం!

ఆ అంకెని మనకి అన్వయించుకుంటే? 2011 జనాభా లెక్కల్లో వుమ్మడి కృష్ణా జిల్లా జనం 45 లక్షలు. (2022లో కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలుగా విడిపోయింది.) పాత అంచనా ప్రకారం జిల్లా మొత్తంమీద 45 మంది రోగులుండాలి. మంగుళూరు లెక్క ప్రకారం 360 మంది వుండాలి. యిది కేవలం గుణకారం, గణన కాదు. ఐనా ఆ రెండు అంకెల మధ్య వున్న మూడువందల పైచిలుకు మంది ఎక్కడెక్కడ, ఏ పేరుతో మందు తింటున్నారన్నది ఆలోచించవలసిన విషయం. నరాల బలహీనత అనీ, రక్తం తక్కువనీ, పెళ్ళి చేస్తే తగ్గుతుందనీ, గాలి సోకిందనీ మనకి పేర్లకి కొదవా?

అసలు చలి దేశాల్లో ఎక్కువ, మనకి తక్కువ ఎందుకు? ఒక సమాధానం చాలదు. వంశంలో కొంత వుంది, కాని తండ్రినుంచి కొడుక్కి సూటిగా దిగేది కాదు. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది నూటికి పాతిక ముప్ఫై మందికే. ఎండ తక్కువై డి విటమిను తగ్గడం ఒక కారణమంటారు. ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సంగతి 2022లో గట్టిగా తేలింది: అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా రక్త నమూనాలు వెతికితే, ఆ వైరస్ సోకిన తరువాత యీ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగినట్టు కనిపించింది. మన పిల్లలకి అది పసితనంలోనే, ఎంగిలి ముద్దలతోనే సోకిపోతుంది. పరిశుభ్రమైన దేశాల్లో యౌవనంలో సోకి పెద్ద జ్వరంగా వస్తుంది, అలా ఆలస్యంగా వచ్చినవారికే ముప్పు ఎక్కువ. వలసలు కూడా యిదే చెబుతాయి. 1990లో బ్రిటన్‌లో వెలువడిన పరిశీలనలో, భారత ఉపఖండంనుంచి వెళ్ళినవారికన్నా వారికి అక్కడ పుట్టిన పిల్లల్లో యీ జబ్బు చాలా ఎక్కువగా కనిపించింది. రక్తం ఒకటే, నేల మారింది. యిక్కడి ప్రతి వూరినుంచీ అమెరికా వెళ్ళిన కుటుంబాలు వున్నాయి గనుక యిది పరాయి సంగతి కాదు. ఆ మాటకొస్తే పదో అంతస్తు ఫ్లాటులో పెరిగే మన విజయవాడ పిల్లలకి కూడా నేల మారినట్టే.

యిక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీనికి దగ్గరి పోలికలో న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే మరొక జబ్బు వుంది. అది కూడా కంటి నరాన్నీ వెన్నుపామునీ కొడుతుంది, కాని దెబ్బ చాలా గట్టిది. రెండు కళ్ళూ పోవచ్చు, ఆగని వాంతులూ ఎక్కిళ్ళూ రావచ్చు. వెనుక యిది మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఆసియా రకం అనుకునేవారు. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు దీనికి ప్రత్యేకమైన యాంటీబాడీ కనుక్కోవడంతో వేరే జబ్బని తేలింది. తెల్లజాతులకన్నా మనవంటి ప్రజల్లో దీని పాలు ఎక్కువ. పేరు సరిగ్గా పెట్టడం పండితుల సరదా కోసం కాదు: మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి వాడే ఇంటర్‌ఫెరాన్ వంటి కొన్ని మందులు దీన్ని మరింత చెడగొడతాయి. అందుకే యీ రక్తపరీక్ష చేయించమంటే "ఖర్చు, ఎందుకులే" అనకూడదు. అలాగే స్కానింగులో తెల్లమచ్చలు కనబడ్డంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. రక్తపోటుకీ, ఒంటితల నొప్పికీ కూడా మచ్చలు వస్తాయి. మనిషిని చూడకుండా ఫిల్ము చూసి జబ్బు పేరు చెప్పకూడదు.

యీ జబ్బు వున్నవారికి మన వూరి వాతావరణమే ఒక పరీక్ష. దెబ్బతిన్న నరం వేడికి ఓర్చుకోలేదు. జర్మనీ నేత్రవైద్యుడు ఉట్‌హోఫ్ 1890లో, శ్రమపడినప్పుడు రోగుల చూపు మసకబారుతోందని గమనించాడు. ఒళ్ళు వేడెక్కడమే దానికి కారణమని తరువాత తెలిసింది. అరడిగ్రీ పెరిగినా చాలు. మరి మేనెలలో 45 డిగ్రీలు చూసే బెజవాడ సంగతి! పరీక్ష హాల్లో కరెంటు పోయిన అరగంటకి అక్షరాలు అలుక్కుపోతాయి, బస్సు దిగి ఎండలో నడిస్తే కాళ్ళు మడతపడతాయి. నీడన కూర్చుని తడిగుడ్డ వేసుకుంటే గంటలో తేరుకుంటారు. యిది కొత్త దెబ్బ కాదు, పాత గండి దగ్గరే నీరు తగ్గడం లాంటిది. దీనికి స్టెరాయిడ్లు వాడనవసరం లేదు. జ్వరం వచ్చినా, మూత్రంలో చీము పట్టినా యిలాగే అవుతుంది. వాటికి వైద్యం చేస్తే చాలు. బయటిపనులు పొద్దున్నే ముగించుకోవడం, వేణ్ణీళ్ళ స్నానం మానడం మాత్రం అలవరచుకోవాలి.

నిజమైన కొత్త దెబ్బ తగిలినప్పుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకి ఒక గ్రాము చొప్పున మూడు నుంచి అయిదు రోజులు నరానికి ఎక్కిస్తారు. త్వరగా కోలుకోవడానికి అది సాయపడుతుంది. ఆరెంపీ డాక్టరు యిచ్చే చిన్న స్టెరాయిడు మాత్రలు దాని బదులు కావు. కంటి నరం వాపులో అలాంటి మాత్రలు ఒక్కటే వాడితే జబ్బు తిరగబెట్టడం ఎక్కువైందని 1992లో అమెరికా పరిశోధనలో తేలింది కూడా. దెబ్బలు మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపే మందులు 1993లో ఇంటర్‌ఫెరాన్‌తో మొదలై యిప్పటికి పది పదిహేను దాటాయి. జబ్బుని పూర్తిగా మాన్పేది ఒక్కటీ లేదు, కాని తొలిరోజుల్లో మొదలుపెడితే చక్రాల కుర్చీని ఏళ్ళకొద్దీ దూరం పెట్టగలవు. ధరలు వింటే మాత్రం కళ్ళు తిరుగుతాయి. అరెకరం అమ్మి ఏడాది వైద్యం చేయించి ఆపేసినవారికి ఏం చెబుతాం? కొంత వూరట మన హైదరాబాదునుంచే వచ్చింది. కాన్సర్ కోసం వాడే రిటుక్సిమాబ్ మందుకి డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2007లో తక్కువ ధర రూపం తయారు చేసింది. ఆ రిటుక్సిమాబ్‌ని డాక్టర్లు యీ జబ్బుకి కూడా వాడుతూ వచ్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి అత్యవసర మందుల జాబితాలో దానికి చోటు యిచ్చింది. ఏది ఎవరికి పనికివస్తుందో నరాల డాక్టరే నిర్ణయించాలి.

పెళ్ళి సంగతి మన సమాజంలో వైద్యంకన్నా ముందు వస్తుంది. యిది అంటుజబ్బు కాదు. సంతానానికి అడ్డు కాదు. గర్భంతో వున్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో దెబ్బలు తగ్గుతాయనీ, కాన్పయిన తరువాతి మూడు నెలల్లో కాస్త ఎక్కువవుతాయనీ 1998లో వెలువడిన యూరోపు పరిశీలన చెప్పింది. అంటే బాలింతరాలికి కాళ్ళు తిమ్మిరెక్కితే వాతం చేసిందని మూలన పడుకోబెట్టకూడదు. కొన్ని మందులు గర్భానికి ముందే ఆపాలి గనుక డాక్టరుకి ముందుగా చెప్పాలి. కాబోయే భర్తకీ, అత్తవారికీ చెప్పకుండా దాచిపెట్టి మందులు బీరువా వెనుక పెట్టుకుని మింగడం, చివరికి భయపడి మానేయడం అన్నిటికన్నా చెడ్డది.

చదువుకునేవారు ఒక చట్టం గుర్తుంచుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా వుంది. వైకల్యం నూటికి 40 లేక అంతకన్నా ఎక్కువని ధ్రువపత్రం వుంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా వుంచిన సీట్లకి అర్హత వుంటుంది. బొంబాయిలో 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా రోగులకి సలహాలు యిస్తుంది. యివి ఏవి అందుకోవాలన్నా ముందు కాగితాలు కావాలి. ఎప్పుడు ఏ కన్ను మసకైంది, ఎన్నాళ్ళకి తగ్గింది, ఎప్పుడు కాళ్ళు మొద్దుబారాయి అన్నది తారీకులతో ఒక రూళ్ళ పుస్తకంలో వ్రాసుకుని, పాత చీటీలూ ఫిల్ములూ ఒకే సంచీలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. యీ జబ్బులో స్కానింగు ఫిల్ము ఎంతో ఆ పుస్తకమూ అంతే.